చెట్టు విడుపు

కుర్మయ్య చెట్టు మీదనుంచి పడిన రోజు సమ్మమ్మ రోడ్డుకు అవతలి పక్కన చింతమండలు మోపు కడుతోంది. పెళపెళమని చప్పుడు వినబడి తలెత్తింది. ముందు పెద్ద కొమ్మ కిందికి వచ్చింది. దాని వెంటే మనిషి వచ్చాడు. అతని నడుముకున్న తాడు రెండో కొస ఆ కొమ్మకే కట్టి ఉంది.

మోపు వదిలేసి పరుగెత్తింది. కుర్మయ్య కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఆమెను చూడడం లేదు. ముఖమంతా చింతాకు రాలి ఉంటే కొంగుతో తుడిచింది. "కట్టయ్యా! ఓ కట్టయ్యా!" అని గొంతు చించుకుని పిలిచింది. కట్టయ్య ఆమె తమ్ముడు, ఆ గుంపుకు పెద్ద. చెట్టు మీద మనిషి ఉన్నంతసేపు చెట్టు కింద ఉండవలసినవాడు. అతను అక్కడ లేడు. కాస్త అవతల కల్లు మండువలో కంట్రాక్టరు పాండురంగంతో కూర్చుని ఉన్నాడు. పిలవగా పిలవగా ఇద్దరూ వచ్చారు. కట్టయ్య నోటి మీద ఇంకా కల్లు నురగ ఉంది. పాండురంగం మొదట తలెత్తి తీగల వైపు చూశాడు. తీగలు తెగలేదని తెలిశాక కిందికి చూశాడు.

ఎనభై ఆరు ఎండాకాలం అది. హనుమకొండ నుంచి మడికొండ మీదుగా పోయే రోడ్డు వెంట కొత్తగా కరెంటు తీగలు గుంజారు. రోడ్డుకు రెండు పక్కలా పాత చింతలు. వానలు పడే లోపల తీగల మీదికి వంగిన కొమ్మలన్నీ కొట్టేస్తానని పాండురంగం పని పట్టుకున్నాడు. పని దొరికింది గాని చెట్టెక్కే మనిషి దొరకలేదు. కట్టయ్య గుంపు తాతల నాటి నుంచీ చింతలెక్కే గుంపే. మాఘంలో, ఫాల్గుణంలో కాయ దులుపుతారు, ఎండాకాలం కొమ్మలు కొడతారు. కాని ఆ ఏడు గుంపులోని పడుచువాళ్లు ఎనుమాముల మార్కెట్టులో మిరప బస్తాలు మోయను పోయారు. ఏటేటా పోతూనే ఉన్నారు. బస్తా కింద పడితే బస్తానే పగులుతుంది గాని మనిషి పగలడు అన్నారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు.

పాండురంగం తాటిచెట్లు గీసే గౌండ్ల దగ్గరికి పోయాడు. వాళ్లు నవ్వారు. "తాళ్లు గీసే రోజులల్ల చింతలెక్కమంటవా సారూ? పొద్దుమాపు గియ్యకపోతే తాడు ఎండిపోతది. నీ తీగలకోసం మా కల్లు ఆగుతదా?" అన్నారు. వాళ్ల మాటలోనూ తప్పు లేదు. ఆఖరికి పాండురంగం కాలువ పని జరిగే చోటికి పోయి, మట్టి తవ్వే పాలమూరు గుంపు మేస్త్రీని అడిగి, సన్నంగా తేలిగ్గా ఉన్న మనిషిని ఒకణ్ణి తెచ్చుకున్నాడు. తెచ్చుకునేటప్పుడు ఎద్దు పండ్లు చూసినట్టు అతని చేతులు, పిక్కలు చూశాడట. ఆ మాట కుర్మయ్యే నవ్వుతూ చెప్పాడు.

కుర్మయ్య తన ఊళ్లో బావులు తవ్వేవాడు. బండ పడే బావిలోకి తాడు పట్టుకుని దిగి, సుత్తెతో బండ కొట్టి, అదే తాడు పట్టుకుని పైకి వచ్చేవాడు. దిగడం తెలిసిన మనిషి. ఎక్కడం అతనికి ఇక్కడే అలవాటైంది. బావి పనిలో తాడును అన్నిటికన్నా లావుగా ఉన్న దూలానికే కడతారు. చెట్టు మీద కూడా అన్నిటికన్నా లావుగా కనబడిన కొమ్మకే అతను తాడు కట్టుకున్నాడు. ఆ పూట కొట్టవలసిన కొమ్మ అదే.

ఇట్లాంటివి జరుగుతాయనే గుంపులో ఒక కట్టుబాటు ఉంది. పైనున్నవాడు మొదటి దెబ్బ వేసే ముందు కిందనున్న పెద్దమనిషి తాడు చూడాలి. ఎక్కడ కట్టాడో కళ్లారా చూసి "ఊ, కానియ్" అంటేనే గొడ్డలి లేవాలి. ఆ మాట వినకుండా కట్టయ్య తండ్రి కాలంలో ఎవడూ దెబ్బ వెయ్యలేదు. ఆ రోజు కూడా "ఊ, కానియ్" అన్న మాట వినబడింది. కల్లు మండువలోంచి, తల తిప్పకుండా అన్నాడు కట్టయ్య. సమ్మమ్మ విన్నది.

కట్టెల అడితి ఇమాం పాషా బండి అక్కడే ఉంది. కొట్టిన కట్టె అంతా కొనేది అతనే. కట్టె దించేసి కుర్మయ్యను బండిలో వేశారు. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది.

పోలీసు జమేదారు వచ్చి ఎవరితను అని అడిగాడు. పాండురంగం తడుముకోలేదు.

"ఎవరో బాటన పోయేటోడు సారూ. మేకలకు నాలుగు మండలు కొట్టుకుందామని ఎక్కినట్టున్నడు. మేం అన్నాలకు పోయినం. వచ్చి చూసేసరికి ఇదీ కత."

"నీ మనిషి కాదా?"

"నా మనుషులకు చెట్టెక్కుడు రాదా సారూ? నా మనుషులైతే పడతరా?"

జమేదారు కట్టయ్య వైపు చూశాడు. కట్టయ్య అంతేనన్నట్టు తల ఊపాడు.

"మనోడే సారూ," అంది సమ్మమ్మ. "పాలమూరోడు, కుర్మయ్య. ఈ నెలంత నా చేతి జొన్న గటుకే తాగిండు. వానికి మేకలెక్కడియి?"

"మా అక్క సారూ. పొద్దటి సంది ఎండల ఉన్నది. దెబ్బ తగిలినట్టుంది," అన్నాడు కట్టయ్య. ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. అతని చెయ్యి చల్లగా, జిగటగా ఉంది. సమ్మమ్మ విదిలించుకుంది.

దిక్కులేని మనిషని దవాఖాన వెనక ఎక్కడో పూడ్చిపెట్టారు. ఎక్కడన్నది ఆమెకు ఎవరూ చూపించలేదు.

ఇంతటితో పాండురంగానికి కుర్మయ్య బాధ వదిలిపోవలసింది. వదలలేదు. చెట్టు మిగిలింది. సగం కొట్టిన కొమ్మలు తీగల మీదికి వేలాడుతూ ఉన్నాయి. ఆ చెట్టు ఎక్కమంటే గుంపులో ఒక్కడూ కదలలేదు. అది కట్టయ్య గుంపులో తరాల నుంచీ వస్తున్న పద్ధతి. మనిషిని పడేసిన చెట్టును చనిపోయినవాని రక్తసంబంధం వచ్చి విడవాలి. తల్లో, అన్నో, కొడుకో, ఎవరో ఒకరు. వాళ్లు చెట్టు మొదట్లో కడవెడు నీళ్లు పోస్తారు. పోసే ముందు ఒక్క ప్రశ్న అడుగుతారు. "మావోడు ఎట్ల పడ్డడు?" అని. గుంపు పెద్ద ఆ చెట్టు మీద చెయ్యి పెట్టి నిజం చెప్పాలి. అది విన్న తర్వాత నీళ్లు పోస్తే చెట్టు విడిచినట్టు. అందాకా దాని మీద కాలు పెట్టరు, దాని కట్టె పొయ్యిలో పెట్టరు, కింద రాలిన ఆకు కూడా ఏరరు. పాండురంగం కూలి పెంచుతానన్నాడు. తిట్టాడు. గౌండ్లను మళ్లీ అడిగాడు. వాళ్లకు ఆ పద్ధతి లేదు గాని, సంగతి తెలిసి వాళ్లూ రామన్నారు.

మూడోనాడు పొద్దున పాండురంగం కట్టయ్య ఇంటికే వచ్చాడు. సమ్మమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"ఏందోయ్ కట్టయ్యా, చచ్చినోడు పాలమూరోడు, చెట్టు సర్కారుది, పద్ధతి మాత్రం మీదా? మీకోసం నేను లైసెన్సు పోగొట్టుకోవాల్నా?"

"నేనేం జెయ్యాలె సారూ. పోరగాండ్లు ఎక్కరు. ఎక్కినా కాళ్లు వణుకుతయ్. ఇంకొకడు పడితే మీకే పరేషాన్."

సమ్మమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. "గింత దానికి ఫికరెందుకు? వాళ్లమ్మ ఉన్నది. పిలిపియ్యున్రి. కాలువ కాడ మేస్త్రీకి వాళ్ల ఊరు తెలుసు. మనిషిని తోలితే నాలుగొద్దులల్ల వస్తది."

కుర్మయ్య తన ఊరి పేరు చెప్పాడో లేదో ఆమెకు గుర్తు లేదు. తల్లి సంగతి మాత్రం రోజూ చెప్పేవాడు. గటుకు తాగేటప్పుడల్లా "మా అవ్వ ఇంతకన్న పలుచగ కాస్తదక్కా" అనేవాడు. కురుమూర్తి జాతరకు తల్లిని ఎడ్లబండి మీద తీసుకుపోయిన సంగతి చెప్పేవాడు. యాకయ్య అని గుంపులో ఒకడున్నాడు, నోటి దురుసువాడు. "ఏం రా అవ్వకూచీ, మీ అవ్వ చెట్టు కింద నిలబడితేనే ఎక్కుతవా?" అని రోజూ ఏడిపించేవాడు. అందరూ నవ్వేవారు. కుర్మయ్యా నవ్వేవాడు.

పాండురంగం కట్టయ్య వైపు చూసి బయటికి నడిచాడు. కట్టయ్య అతన్ని సాగనంపి వచ్చి అక్క ముందు నిలబడ్డాడు.

"ఆమె వస్తే ఏమడుగుతదో తెలుసా అక్కా నీకు?"

"తెలుసు గనుకనే రమ్మంటాన్న."

"నా పెద్దరికం పోతది. గుంపు పగులుతది. నీకు కూడ బువ్వ పెట్టేది ఈ గుంపే."

"తాడు చూస్తే పోయేదేముండె రా, తమ్ముడా? లేచి పది అడుగులు నడిస్తే అయిపోవు."

కట్టయ్య ముఖం ముడుచుకుపోయింది. పసిబిడ్డగా ఉన్నప్పుడు ఆమె నడుం మీద మోసిన తమ్ముడు. అతని ముఖంలో ఎక్కడైనా ఒక మూల సిగ్గు కనబడుతుందేమోనని చూసింది. భయమే కనబడింది. దొరికిపోతానన్న భయం.

మరునాడు పొద్దెక్కాక గుంపంతా చెట్టు దగ్గర కూడింది. కుర్మయ్య అన్న దొరికాడని, విడుపుకు కడవ నింపుకుని రమ్మని కట్టయ్య కబురు పంపాడు. కడవ తేవడం గుంపులో పెద్దాడమనిషి వంతు. సమ్మమ్మకు ఆశ్చర్యం వేసింది. ఇంత తొందరగానా అనుకుంది. అయినా మనసులో ఎక్కడో కాస్త చల్లబడింది. అన్నైనా వచ్చాడు, వాళ్ల అవ్వకు తెలుస్తుంది అనుకుని బావి దగ్గర కడవ నింపుకుని నెత్తిన పెట్టుకుని నడిచింది.

పాండురంగం స్కూటరు దిగి నిలబడి ఉన్నాడు. పక్కన ఒక మనిషి. తల గొరిగించుకున్నాడు. అప్పుడే గొరిగినట్టుంది, చెవి పైన కత్తి గాటు ఇంకా ఎర్రగా ఉంది. భుజాన కొత్త తువ్వాల. అతన్ని చూడగానే సమ్మమ్మకు జాలి కలగబోయి ఆగిపోయింది. కుర్మయ్య పొట్టి, నలుపు, బండ కొట్టిన భుజాలు. ఇతను పొడుగు. పిక్కలు మాత్రం గట్టిపడి ముడులు పడి ఉన్నాయి. కొంచెం దూరంలో ఇమాం పాషా బండి ఆపుకుని ఉన్నాడు. విడుపు అయితే ఆ చెట్టు కట్టె కూడా అతనికే రావాలి. అతను ఆ గుండు మనిషిని చూడడం, చూసి ముఖం పక్కకు తిప్పుకోవడం సమ్మమ్మ గమనించింది. కడవ దించకుండానే అతని దగ్గరికి పోయింది.

"ఇమామన్నా, ఈ మనిషిని నువ్వెరుగుదువా?"

"నేనెట్ల ఎరుగుత?"

"నీ కండ్లు చెప్తానయ్. అల్లా మీద ఒట్టేసి చెప్పు."

ఇమాం పాషా గొంతు తగ్గించాడు. "వరంగల్ టేషన్ కాడ రిక్షా తొక్కుతడు. మా అడితి ముంగటనే నిలబెడతడు. జర సప్పుడు జెయ్యకు సమ్మక్కా. చచ్చినోడు తిరిగి రాడు. నాకు కట్టె గావాలె, వాళ్లకు పని గావాలె."

"నువ్వు కూడనా, అన్నా?"

ఇమాం పాషా ఎడ్ల పలుపు సరిచేసుకోసాగాడు.

సమ్మమ్మ చెట్టు దగ్గరికి వచ్చింది. కడవ దించి తన కాళ్ల మధ్య పెట్టుకుని ఆ మనిషిని అడిగింది.

"ఏమయ్యా, మీ అవ్వ ఎట్లున్నది? ఆమెను తీస్కరాకపోతివి?"

అతను పాండురంగం వైపు ఒకసారి చూశాడు. తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. "అవ్వ ఎక్కడిది తల్లీ? శానేండ్లాయె సచ్చిపోయి. నేనూ తమ్ముడే మిగిలినం. ఇప్పుడు వాడూ పాయె," అన్నాడు.

సమ్మమ్మ తలెత్తి గుంపును చూసింది. అందరూ విన్నారు. పలుచటి గటుకు సంగతి, కురుమూర్తి జాతర సంగతి నెల రోజులు చెవులారా విన్నవాళ్లే వాళ్లంతా. అవ్వకూచీ అని నవ్వినవాళ్లే. ఒకడు కాలి బొటనవేలితో మట్టి గీకుతున్నాడు. ఒకడు గొడ్డలి అంచు చూసుకుంటున్నాడు. యాకయ్య చుట్ట వెలిగించుకోవడంలో మునిగిపోయాడు. వాళ్లకు తెలియదేమో, తెలిస్తే ఒప్పుకోరేమో అని ఆమె ఇందాకటి దాకా అనుకుంది. తెలిసే నిలబడ్డారు. ఎవరో ఒకరు వచ్చి అన్నని అంటే చాలు, పద్ధతి తప్పనట్టే. ఆ మనిషి గుండు చేయించుకున్న ఖర్చు కూడా పాండురంగానిదేనని వాళ్లకు తెలుసు.

ఆమె కడవను కాలితో తన్నింది. నీళ్లు రోడ్డు మీదికి పారి దుమ్ములో ఇంకిపోయాయి.

"అక్కా!" అన్నాడు కట్టయ్య.

"ఈ దొంగ ముండాకొడుకు చేతికి నేను నీళ్లియ్య. మీరంత తెలిసి తెలిసి ఎట్ల నిలబడ్డరు రా?"

"నీళ్లకేం కరువు?" అన్నాడు యాకయ్య చుట్ట పొగ వదిలి. "నేను తెస్త." కల్లు మండువకు పోయి ముంతలు కడిగే కుండలోంచి ఒక బకెటు నీళ్లు తెచ్చాడు. నీళ్ల మీద ఈగలు తేలుతున్నాయి. కల్లు పులుపు వాసన కొడుతోంది. యాకయ్య ఈగలను వేలితో తీసి పడేశాడు.

రిక్షా మనిషి ఆ బకెటు పట్టుకుని, నేర్పిన మాట అప్పజెప్పాడు. "మా తమ్ముడు ఎట్ల పడ్డడు?"

కట్టయ్య చెట్టు మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి పెట్టేటప్పుడు అక్క వైపు చూడలేదు.

"తాగి ఎక్కిండు. వద్దన్న. ఇనలే."

"తులసిమాల ఏసుకున్నోడు రా వాడు!" అని అరిచింది సమ్మమ్మ. "మీ మండువ దిక్కు ముక్కు మూసుకుని పోయేటోడు. తాగింది ఎవడు? తాడు ఎవడు చూసిండు? చెయ్యి చెట్టు మీదనే ఉన్నది గద, చెప్పు. తాడు ఎవడు చూసిండు కట్టయ్యా?"

కట్టయ్య చెయ్యి చెట్టు మీదనే ఉంది. క్షణం సేపు అతను చెబుతాడేమో అనిపించింది ఆమెకు. పాండురంగం గొంతు సవరించుకున్నాడు. కట్టయ్య చెయ్యి తీసేశాడు.

"అడిగే హక్కు రక్తసంబంధానిది," అన్నాడు. "నువ్వు వానికి ఏమైతవ్?"

"గటుకు పోసిన సంబంధం," అన్నాడు యాకయ్య. గుంపులో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

రిక్షా మనిషి బకెటు నీళ్లు చెట్టు మొదట్లో గుమ్మరించాడు. ఆపైన మోకాళ్ల మీద కూలబడి, "తమ్ముడా, నన్నిడిసి పోతివా" అని ఏడ్చాడు. ఏడుపు బాగా వచ్చింది అతనికి. ముక్కు కూడా కారింది. చూస్తున్నవాళ్లలో ఒకడు నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. ఏడుపు అయ్యాక లేచి మోకాళ్లు దులుపుకుని, "సారూ, ఇగ నేను పోవచ్చునా? బండి కిరాయి టైమైతాంది," అన్నాడు. అప్పుడు గుంపంతా గొల్లున నవ్వింది. పాండురంగం కూడా నవ్వాడు. కట్టయ్య కూడా.

యాకయ్య గొడ్డలి భుజాన వేసుకుని చెట్టెక్కాడు. కింద కట్టయ్య నిలబడి మెడ విరిగేలా తలెత్తి తాడు చూశాడు. "ఊ, కానియ్" అన్నాడు.

సాయంత్రానికి చెట్టు పని అయిపోయింది. పాండురంగం సంతోషించి గుంపుకు యాటను ఇప్పించాడు. ఎప్పుడూ వండేది సమ్మమ్మే. తెచ్చి ఆమె వాకిట్లోనే కోశారు. మసాలా నూరమని కట్టయ్య చెప్పి పంపితే ఆమె తలుపు గొళ్లెం పెట్టుకుంది. బయట రాళ్ల పొయ్యి పెట్టి వాళ్లే వండుకున్నారు. కూర ఉడుకుతున్న వాసన తలుపు సందుల్లోంచి వచ్చింది. ఎవడో ఏడుపు అనుకరిస్తున్నాడు, "తమ్ముడా, నన్నిడిసి పోతివా" అని, మిగిలినవాళ్లు నవ్వుతున్నారు. సమ్మమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. కట్టయ్య ఒక గిన్నెలో కూర తెచ్చి గడప మీద పెట్టి వెళ్లాడు. పొద్దున ఆ గిన్నెను అట్లాగే కుక్కలకు వంచింది. గిన్నె కడిగి తమ్ముని ఇంటికి పంపించేసింది. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు.

ఆ వారంలోనే ఆమె బస్సెక్కి కాలువ పని దగ్గరికి పోయింది. పాలమూరు గుంపు ఉన్న చోట పొయ్యి రాళ్లు, చింపిరి చాపలు మిగిలి ఉన్నాయి. ఆ జాగా పని అయిపోయిందని, మేస్త్రీ గుంపును తోలుకుపోయాడని కాపలా మనిషి చెప్పాడు. ఎక్కడికని అడిగితే ఒకసారి కర్ణాటక అన్నాడు, ఇంకోసారి గుజరాత్ అన్నాడు. "వాళ్లకేమెరుక అమ్మా, లారీ ఎటు పోతే అటే," అన్నాడు.

సమ్మమ్మ గుంపు పని మానేసి ఎనుమాములలో మిరపకాయల తొడిమలు తీసే పనికి కుదిరింది. ఘాటుకు కళ్లు మండేవి, తుమ్ములు ఆగేవి కావు. అక్కడ పక్కన కూర్చున్న ఆడవాళ్లకు ఈ సంగతి చెప్పేది కాదు. బస్టాండులో పారలు, తట్టలు పెట్టుకుని కూర్చున్న పాలమూరు వాళ్లు కనబడితే మాత్రం ఆగేది. కుర్మయ్య అని, బావులు తవ్వేవాడు, తులసిమాల ఉండేది, తల్లి ఉన్నది, ఎవరన్నా ఎరుగుదురా అని అడిగేది. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు.

"మా దిక్కు ఇంటికో కుర్మయ్య ఉంటడు తల్లీ," అన్నాడు ఒక ముసలాయన. "ఏ ఊరు కుర్మయ్య?"

"ఊరే తెల్వదు."

"బావులు తవ్వనోడు గూడ మా దిక్కు లేడు. ఏమైండు ఆయన?"

అడిగినవాళ్లకు చెప్పేది. చెట్టు మీదనుంచి పడ్డాడని, తాడు ఎవరూ చూడలేదని, తాగి పడ్డాడన్నది అబద్ధమని చెప్పేది. వాళ్లు విని, బస్సు రాగానే పారలు ఎత్తుకుని ఎక్కేవారు.

ఇది జరిగి మూడేళ్లయింది. పాండురంగానికి ఇప్పుడు ఇంకా పెద్ద పనులు వస్తున్నాయి. మనుషులు దొరకడం లేదని అంటూనే ఉంటాడు, ఎక్కడెక్కడి నుంచో తెస్తూనే ఉంటాడు. కట్టయ్య గుంపుకు ఇప్పటికీ కట్టయ్యే పెద్ద.

కుర్మయ్య చనిపోయాడని అతని తల్లికి చెప్పవలసి ఉంది. ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.